గింజ మనది, మర ఎవరిది? ఓరుగల్లు ఆహార పరిశ్రమపై సింహావలోకనం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలకు చోటు చాలదు. గేటు బయటి దాకా ట్రాక్టర్లు, డీసీఎంలు బారులు తీరతాయి. పొద్దున్నే జెండా పాట పలుకుతుంది. అడ్తిదారు చీటీ రాస్తాడు, కాంటా అవుతుంది, హమాలీలు బస్తాలు ఎత్తుతారు. సాయంత్రానికి లారీలు కదులుతాయి. కొన్ని దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీలకు, మిగతావి దూర రాష్ట్రాలకూ ఓడరేవులకూ. వాటిలో పోయేది చాలావరకు కాయే. పొడిగానో పచ్చడిగానో రంగుగానో మారి ఇక్కడి నుంచి బయలుదేరే మిర్చి అందులో చాలా తక్కువ. పసుపు కొమ్ములుగానే పోతుంది. మక్కలు కోళ్ల దాణాకు పోతాయి. వడ్లు మాత్రం ఇక్కడే బియ్యమవుతాయి కానీ, ఆ బియ్యానికి వరంగల్ పేరుండదు. ప్రభుత్వ గోనె సంచిలో గోదాముకు చేరుతుంది.

దేశం ఇంత వేగంగా పెరుగుతున్న కాలంలో, నగరాల్లో జనం వండిన, పొడి కొట్టిన, ప్యాక్ చేసిన తిండికి ఇంతింత ఖర్చు పెడుతున్న కాలంలో, ఇంత పంట పండే జిల్లాకు అందులో దక్కే వాటా ఎందుకు ఇంత చిన్నది? ఈ ప్రశ్నకు జవాబు ఇవాళ్టి పారిశ్రామిక విధానాల్లో మాత్రమే వెతికితే దొరకదు. చాలా వెనక్కి పోవాలి. పోయిన ప్రతి కాలంలోనూ ఒకే సంగతి తేల్చుకోవాలి: పంట ఎవరిదని కాదు, దాన్ని తిండిగా మార్చే మర ఎవరి చేతిలో ఉందని. ఓరుగల్లు చరిత్రలో ఈ మర చేతులు మారినప్పుడల్లా పల్లె దశ మారింది.

మొదలు చెరువుతోనే పెట్టాలి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల ఏలుబడి నాటివి. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిన 1213 ప్రాంతంలోనే ఈ నేల మీద గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ గట్టిపడింది. సముద్రానికి దూరంగా, పెద్ద నది ఒడ్డున లేని చోట, రాతి నేల మీద ఒక రాజధాని నిలబడిందంటే దానికి అన్నం పెట్టింది ఈ నీళ్లే. గోదావరి, కృష్ణ డెల్టాల్లోలాగ ఇక్కడ నీళ్లు తమంతట రావు. వానను పట్టి ఆపాలి. పట్టిన చోట వరి మిగిలింది, మిగులు ఉన్న చోటే సంత పుట్టింది, సంత ఉన్న చోటే గానుగ తిరిగింది.

గానుగ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. గుళ్లలో అఖండ దీపాలకు నూనె ఏర్పాటు చేస్తూ వేయించిన దాన శాసనాలు తెలుగు నేలంతటా ఉన్నాయి. తెలికి వేవురు అనే నూనె వర్తకుల సమయం పేరు చాళుక్యుల కాలం నుంచీ వినబడుతుంది. నూనె తీయడం ఒక వృత్తిగా, ఆ వృత్తి ఒక కట్టుబాటున్న సంఘంగా ఎంత ముందే ఎదిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక ఎద్దు, ఒక రోలు, ఒక రోకటి మాను. రైతు నువ్వులు తెచ్చి పోస్తాడు, నూనె తీసుకుపోతాడు, చెక్క ఊరి పశువులకే దక్కుతుంది. కూలి కూడా గింజ రూపంలోనే ముడుతుంది. గింజలోని ఏ భాగమూ ఊరు దాటిపోదు. వడ్ల దంపుడు ఇంకా దగ్గర, ప్రతి ఇంటి వాకిట్లోనే. అయితే దీన్ని బంగారు కాలం అనడానికి నాకు మనసొప్పదు. ఆ రోకలి పోటు ఆడవాళ్లది. పొద్దు పొడవక ముందే మొదలయ్యే ఆ చాకిరికి ఏ కాలంలోనూ ఎవరూ కూలి కట్టలేదు. తర్వాత పిండి గిర్నీ, బియ్యం మర వచ్చినప్పుడు పల్లె స్త్రీలు వాటిని సంతోషంగా ఆదరించారంటే కారణం అదే.

ఓరుగల్లు వీధుల్లో తిండి ఎలా ఉండేదో తెలియాలంటే వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామం చూడాలి. అందులో ఇద్దరు మిత్రులు నగరమంతా తిరిగి ఒక పూటకూళ్ల ఇంట భోంచేస్తారు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, పెరుగు వడ్డించారు. ఈ జాబితాను పరిశ్రమ కోణంలో చదవండి. పొట్టు తీసి తెల్లగా దంచిన బియ్యం, విసిరిన గోధుమ, చెరకు రసం కాచి శుద్ధి చేసిన చక్కెర, చిలికి కాచిన నెయ్యి. ఒక్క విస్తరి వెనక నాలుగైదు వృత్తుల పనితనం ఉంది. డబ్బిచ్చి భోజనం కొనుక్కునే నగరం కూడా ఉంది. లేనిది మిరపకాయ. ఉండే వీలే లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో అది గోవా తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. రుద్రమదేవి తిన్న కూరలో కారం మిరియాలది. ఇవాళ వరంగల్ పేరు చెప్పగానే గుర్తొచ్చే పంట ఈ నేలకు కొత్త చుట్టం. ఇంత తక్కువ కాలంలో దాన్ని ఇంతగా సొంతం చేసుకున్న రైతు నేర్పును చిన్నచూపు చూడకూడదు.

కాకతీయుల తర్వాత కొన్ని వందల ఏళ్లు చెరువులు నిండుతూ తెగుతూ సాగాయి. పెద్ద మలుపు రైలు. 1889లో నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది. ఆ దారిలో వరంగల్, కాజీపేట ఉన్నాయి. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షాకు పట్టాలు పడి ఉత్తరాదితో నేరుగా ముడిపడింది. అప్పటిదాకా ఊరి గాదెలో ఉన్న గింజ స్టేషన్ పక్క గోదాము చేరడం మొదలైంది. ధర ఊళ్లో కాక దూరపు నగరాల్లో తేలసాగింది. వర్తకుడి కాంటా, తరుగు, కమీషన్లు రైతును ఎంత పీల్చాయంటే, 1930లో హైదరాబాద్ రాజ్యం వ్యవసాయ మార్కెట్ల చట్టం తేవలసి వచ్చింది. మన మార్కెట్ యార్డులన్నిటికీ మూలపురుషుడు ఆ చట్టమే. అది తూకాన్ని, అమ్మకాన్ని దారిలో పెట్టాలని చూసింది. అమ్మకం తర్వాత గింజ ఏమవుతుందన్నది దాని పరిధిలో లేదు. ఈ ఒక్క లోటు తర్వాతి తొంభై ఏళ్ల మార్కెట్ ఆలోచనంతటిలోనూ కొనసాగింది.

1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు లేచింది. పత్తికి దొరికిన ఆ రాజపోషణ తిండి పంటలకు దొరకలేదు. రాజ్యం పెట్టుబడి బట్టల మిల్లు మీద పెడితే, బియ్యం, నూనె మిల్లులు చిన్న షావుకార్ల చేతికి పోయాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం కంటికి తిండిగింజ లెవీగానే, అంటే రైతు తప్పనిసరిగా అప్పజెప్పాల్సిన వాటాగానే కనిపించింది. భూస్వాములు తప్పించుకుంటే ఆ బరువు చిన్న రైతు మీద పడింది. వరంగల్, నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం రగలడానికి వెట్టితోపాటు ఈ లెవీ వడ్లూ కారణమే. గింజను బలవంతాన తీసుకుపోయే చేతికి, గింజను పండించే చేతికి మధ్య వైరం ఈ నేలలో అంత పాతది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన ఊళ్లలో ఉన్నవి హల్లర్ మిల్లులు. ఒక ఇనుప గొట్టం, లోపల తిరిగే గరుకు కడ్డీ. వడ్లు ఒరిపిడికి పొట్టూడి, తవుడూడి, సగం నూకలై వస్తాయి. ఊక, తవుడు కలిసిపోయి ఒకే రాశిగా పడతాయి. అందులోంచి నూనె తీయడం కుదరదు. 1958లో కేంద్రం బియ్యం మిల్లుల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చింది. ఆ తర్వాత రబ్బరు రోలర్లతో పొట్టు తీసే ఆధునిక మిల్లులు నెమ్మదిగా వచ్చాయి. పొట్టు ఒక పక్క, తవుడు ఒక పక్క, నూకలు ఒక పక్క, బియ్యం ఒక పక్క వేరుపడడమే అసలు మార్పు. వంద కిలోల వడ్లలో బియ్యం 67 కిలోల చుట్టూ ఉంటే, మిగతా మూడో వంతుకు కూడా అప్పుడే విలువ పుట్టింది. కానీ ఆ మిల్లుకు కావలసిన డబ్బు ఊరి హల్లర్ యజమానికి అందనంతది. మర ఊరి నుంచి పట్నం శివార్లకు జరిగింది.

ఆ జరుగుబాటుకు ఎదురు నిలిచిన ఊరు ఒకటుంది. ఆ ఊరి చరిత్ర తెలియకుండా ఈ జిల్లాలో ఆహార పరిశ్రమ గురించి మాట్లాడకూడదని నా గట్టి నమ్మకం. అది భీమదేవరపల్లి మండలం ములుకనూరు. నిన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 పునర్విభజనతో వరంగల్ వైపు చేరి, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో అక్కడ అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి చొరవతో ఒక సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. అప్పులిచ్చే సంఘాలు అప్పట్లో చాలా ఊళ్లలో పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ దస్త్రాల్లోనూ రాజకీయ నాయకుల చేతుల్లోనూ అరిగిపోయాయి. ములుకనూరు వేరే దారి పట్టింది. అప్పు ఇచ్చింది, ఎరువు ఇచ్చింది, పండిన పంట తానే కొన్నది, కొన్న పంటను తన మిల్లులోనే ఆడించింది. వరి విత్తనాలు శుద్ధి చేసి అమ్మింది. పత్తి జిన్నింగు పెట్టింది. మిగులును సభ్యులకు బోనస్‌గా పంచింది.

ఈ వరుసలో కీలకం మిల్లు. సంఘం వడ్లు కొని అడ్తిదారుకు అమ్మి ఉంటే అది మరో దళారీగా మిగిలేది. మర సొంతమైంది కనుక నూకల విలువ, తవుడు విలువ, విత్తనం మీద వచ్చే మిగులు సభ్యుల ఖాతాలోకి వచ్చాయి. అప్పు వసూలు కూడా పంట రాకతో ముడిపడింది కనుక బాకీలు పేరుకోలేదు. నాణ్యత మీద రైతుకే ఆసక్తి పెరిగింది. తాను తెచ్చిన తడి వడ్లు తన మిల్లునే పాడుచేస్తాయని అతనికి తెలుసు. ఆరు దశాబ్దాలు దాటినా ఆ సంఘం నిలబడి ఉంది. అయినా ఉమ్మడి వరంగల్‌లో దానికి జోడుగా చెప్పదగ్గది ఇంకొకటి పుట్టలేదు. ఇది మనం సిగ్గుపడాల్సిన విషయమని అనడానికి నేను వెనుకాడను.

ఇంతలో నీళ్లు పెరిగాయి. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ వరంగల్ దాకా వచ్చింది. ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉల్లికోడు పురుగును తట్టుకునే వరి రకాల కోసం దశాబ్దాలు శ్రమించింది. ఈ పురుగులో వరంగల్ ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక జీవరూపం ఉందని శాస్త్రజ్ఞులు గుర్తించారంటే ఇక్కడి రైతు ఎంత మొండి శత్రువుతో పోరాడాడో ఊహించవచ్చు. వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు ఆ కేంద్రం ఇచ్చిన రకాలే. సన్నబియ్యం పండించడంలో ఈ జిల్లా ఎవరికీ తీసిపోదు. కానీ దేశంలో ఏ అంగడిలోనైనా ‘వరంగల్ బియ్యం’ అని సంచి కనబడుతుందా?

కనబడకపోవడానికి కారణం మిల్లరు సోమరితనం కాదు. అతని కొనుగోలుదారు ప్రభుత్వమే కావడం. లెవీ కాలంలో మిల్లు ఆడించిన బియ్యంలో పెద్ద వాటాను నిర్ణీత ధరకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ)కు అప్పజెప్పాలి. 2015లో లెవీ పూర్తిగా పోయింది. దాని చోటును కస్టమ్ మిల్లింగ్ ఆక్రమించింది. ఊరి కొనుగోలు కేంద్రంలో ప్రభుత్వం వడ్లు కొని మిల్లుకు పంపుతుంది. పచ్చి బియ్యమైతే క్వింటాలు వడ్లకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లు తిరిగి ఇవ్వాలి. ఆడించే కూలి పది, ఇరవై రూపాయల దగ్గరే ఏళ్లతరబడి ఉండిపోయింది. మిల్లుకు మిగిలేది నూకలు, తవుడు, ఊక. ఇలాంటి ఏర్పాటులో రుచికి, వాసనకు, పాతబియ్యం చేయడానికి, పేరు కట్టడానికి ఎవరూ పూనుకోరు. రైతుకు కనీస మద్దతు ధర దక్కాలంటే ఈ కొనుగోలు కావాలి, అందులో సందేహం లేదు. కానీ వడ్ల పరిశ్రమ మొత్తం ఒకే కొనుగోలుదారు మీద ఆనుకుంటే ఏమవుతుందో 2021, 2022 సంవత్సరాలు చూపించాయి.

యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. పగటి వేడికి గింజలో సన్నని పగుళ్లు పడతాయి. పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. ఎఫ్‌సీఐ పచ్చి బియ్యంలో ఒప్పుకునే నూకలు 25 శాతమే. అందుకే మన మిల్లులు యాసంగి వడ్లను వేడినీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తాయి. ఆవిరికి గింజలోని పిండి పదార్థం జిగురై పగుళ్లను పూడుస్తుంది. మిల్లులు ఈ బాయిలర్ల మీదే పెట్టుబడి పెట్టాయి. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అనేసరికి ఆ యంత్రాలూ, వాటి వెనక రైతులూ ఒక్కసారి గాలిలో నిలబడ్డారు. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. ఆ తర్వాత దిశ మారుతున్న జాడలున్నాయి. 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్, 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం. తన రాష్ట్రపు సన్నబియ్యాన్ని తన రాష్ట్రపు పేదలే తినడం మంచి మలుపు.

తవుడు మాటా చెప్పాలి. మిల్లు నుంచి బయటపడిన కొన్ని గంటల్లోనే తవుడులోని ఒక ఎంజైము దాని నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది. ఆలస్యమైతే అది పశువుల దాణాకో సబ్బులకో తప్ప వంటనూనెకు పనికిరాదు. ఉప్పుడు బియ్యపు తవుడుకు ఆవిరి తగిలి ఉంటుంది కనుక ఈ బెడద తక్కువ, నూనె శాతం ఎక్కువ. వంటనూనెను అంత భారీగా దిగుమతి చేసుకునే దేశంలో ఇన్ని మిల్లులున్న జిల్లా నుంచి ఒక్క గ్రాము తవుడు కూడా వృథా పోకూడదు.

దేశంలో ఆహార శుద్ధి పరిశ్రమలకు ఒక ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడింది 1988లో. 1991 సంస్కరణలు తలుపులు తెరిచాయి. అయినా చాలా ఏళ్లు పచ్చళ్లు, రొట్టె, వేరుశనగ నూనె వంటివి చిన్న పరిశ్రమలకే ప్రత్యేకించి ఉంచారు. 2015 ఏప్రిల్‌లో ఆ ఆఖరి కంచె కూడా తీసేశారు. ఇప్పుడు ఆవకాయ జాడీ పెట్టే గృహిణి, వందల కోట్ల కంపెనీ ఒకే బరిలో ఉన్నారు. అదే 2015లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం, కోత తర్వాత దేశం పోగొట్టుకునే పంట విలువను ఏడాదికి 92 వేల కోట్ల రూపాయలకు పైగా లెక్కగట్టింది. వరంగల్ రైతుకు ఈ అంకె అర్థమవడానికి పుస్తకం అక్కర్లేదు. కల్లంలో ఆరబోసిన మిర్చి మీద ఒక్క అకాల వాన చాలు.

మిర్చి దగ్గరికి తిరిగొద్దాం. ఈ పంట కోసిన తర్వాత జరిగేదంతా పరిశ్రమ పనే, దాన్ని రైతు చేత ఉత్త చేతులతో చేయిస్తున్నాం. చెట్టు మీది నుంచి తెంపిన కాయను పది, పన్నెండు రోజులు నేల మీదో పట్టా మీదో ఆరబెట్టాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగాలి. దిగకముందే మంచో వానో తగిలితే బూజు పడుతుంది, బూజు వెంట అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. యూరప్ దేశాలు ఎండుమిర్చిలో ఈ విషానికి పెట్టిన హద్దు వంద కోట్ల పాళ్లలో పది పాళ్లు. అందులో మరీ ప్రమాదకరమైన బీ1 రకానికి ఐదే. రంగు పోయినది తాలు కాయ అవుతుంది, ధర సగానికి పడుతుంది. ఆరిన కాయకు ముచ్చికలు తీసే పని ఆడకూలీలది. కిలో లెక్కన కూలి, ముక్కుకు కొంగు చుట్టుకుని రోజంతా ఘాటులో కూర్చోవాలి. ఒక ఆరబెట్టే యంత్రం, దుమ్మును లాగేసే ఒక ఫ్యాను, ముచ్చిక తీసే ఒక మిషను ఊరికి తెస్తే రైతు ధరా పెరుగుతుంది, ఆ ఆడబిడ్డల ఊపిరితిత్తులూ బాగుపడతాయి. ఇంత చిన్న పని పదేళ్లుగా పెద్ద ప్రణాళికల అడుగున పడి ఉంది.

ధరల ఊగిసలాట ఈ పంటకు శాపం. 2017లో మిర్చి ధర ఎంతగా కూలిందంటే ఏప్రిల్‌లో పక్కనున్న ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట విధ్వంసంగా మారింది. తర్వాత కోర్టుకు తెచ్చిన రైతుల చేతులకు సంకెళ్లు చూసి రాష్ట్రమంతా కలత చెందింది. కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని ప్రకటించింది. నాలుగేళ్లు దాటాయి. 2021 చివర్లో కొత్త తామర పురుగు వరంగల్, మహబూబాబాద్ తోటలను నల్లగా మాడ్చేసింది. పంట లేదు కనుక 2022లో ఏనుమాములలో దేశీ మిర్చి క్వింటాలు 50 వేలు దాటింది. పత్రికలు రికార్డు ధర అని రాశాయి, కానీ అమ్మడానికి బస్తా ఉన్న రైతు ఎందరు? పచ్చి సరుకుగా అమ్మే పంటకు ఈ ఎత్తుపల్లాలు తప్పవు. పొడిగా, రంగుగా, నూనెగా మార్చి నిల్వ పెట్టుకోగలిగిన చోటే ధరకు కాస్త నిలకడ ఉంటుంది. ఆ శక్తి లేక రైతు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి, రసీదు మీద అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇక్కడే చపాటా మిర్చి మనకు దారి చూపుతోంది. లావుగా, పొట్టిగా, టమాటాలా ఉబ్బి ఉండే ఈ కాయకు కారం తక్కువ, రంగు చిక్కన. పచ్చళ్లకు, తినే పదార్థాల్లో సహజమైన ఎరుపుకు దీన్ని మించినది లేదు. దాని విలువ తెలియాలంటే 2003ను గుర్తు చేసుకోవాలి. ఇండియా నుంచి వచ్చిన కారంపొడిలో సుడాన్ అనే నిషేధిత రంగు దొరికిందని యూరప్ గగ్గోలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు కలిసిన వందలాది ఆహార పదార్థాలను అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించారు. బట్టలకో మైనానికో వాడే రంగును కారంలో కలిపి దేశం పరువు తీసినవాళ్లు ఒకవైపు. అసలైన ఎరుపును తరతరాలుగా విత్తనం పోకుండా కాపాడుకొచ్చిన మన రైతులు మరోవైపు. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి సాధించిన గెలుపు ఇది.

అయితే గుర్తింపు కాయకు వచ్చింది. రంగు తీసే పరిశ్రమ మాత్రం ప్రధానంగా కేరళ చేతిలో ఉంది. మిర్చిని ద్రావకంలో నానబెట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి, చిక్కటి ఓలియోరెసిన్ తీయడం ఆ రాష్ట్రం ఎప్పుడో పట్టుకుంది. అక్కడి సింథైట్ కంపెనీ 1972లోనే మొదలైంది. మిరియాలతో మొదలైన కేరళ పనితనం మన మిర్చినీ కలుపుకుంది. వారిని తప్పుపట్టనక్కర్లేదు, చూసి నేర్చుకోవాలి.

ఈ జిల్లాలో నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు మహిళలు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనం లేని సంఘాలకు దారి తీసింది. దాని నీడలో, పొదుపు సంఘాల్లో ఏళ్లతరబడి లెక్కలు రాయడం నేర్చిన పల్లె స్త్రీలు 2000 ఆగస్టులో ములుకనూరులో తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు. సభ్యులందరూ ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లదే. వాళ్లు అమ్మే ‘స్వకృషి’ పాల ప్యాకెట్ ఇవాళ హనుమకొండ, వరంగల్ ఇళ్లలో పొద్దుటి టీకి మామూలు సరుకు. పాలను చల్లబరచడం, పాశ్చరైజ్ చేయడం, ప్యాక్ చేయడం, ఇవన్నీ తమ చేతుల్లో ఉన్నాయి కనుక ఏడాది చివర మిగిలింది బోనస్‌గా వాళ్లకే చేరుతుంది. పాతికేళ్లుగా ఒక పరిశ్రమను నడుపుతున్నవాళ్లను ఇంకా ‘మహిళా సాధికారత’ సభల్లో వేదిక మీద పూలదండలకే పరిమితం చేయడం నాకు బాధగా ఉంటుంది. వాళ్లను పిలవాల్సింది పారిశ్రామిక విధానం రాసే గదిలోకి.

ఇంటి వంట పరిశ్రమగా మారిన కథ సకినాలది. సంక్రాంతికి ఉమ్మడి వరంగల్, కరీంనగర్ పల్లెల్లో తడిబియ్యం పిండి, నువ్వులు, వాము కలిపి బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్టేవారు. ఒక్క ఇంటి పనికి వీధి ఆడవాళ్లంతా కూడేవారు. ఇప్పుడది హనుమకొండ సందుల్లో ఏడాది పొడవునా సాగే పని. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న పిల్లలకు కొరియర్‌లో పోతుంది. చుట్టే వేళ్ల ఒడుపును యంత్రం పట్టడం కష్టం కనుక ఈ పని ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది. కేంద్రం 2020లో తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో పెట్టుబడికి 35 శాతం, పది లక్షల దాకా రాయితీ ఇస్తారు. నిజంగా పనికొచ్చే పథకం. కానీ దానికి బ్యాంకు అప్పు ముందు పుట్టాలి. స్థలం కాగితం భర్త పేర ఉన్న స్త్రీకి అది ఎంత కష్టమో బ్యాంకు మెట్లెక్కిన ప్రతి సంఘానికీ తెలుసు.

ఇప్పుడు కొత్తగా ఆయిల్ పామ్ వస్తోంది. 2021 జాతీయ మిషన్ తర్వాత తెలంగాణలో జిల్లాలను కంపెనీలకు పంచి మొక్కలు నాటిస్తున్నారు. ఆయిల్ పామ్ గెల కోసిన ఒకటి రెండు రోజుల్లో గానుగ చేరాలి, లేకపోతే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. ఏ ప్రాంతపు గెల ఆ ప్రాంతపు ఫ్యాక్టరీకే పోవాలన్నది 1993 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం నుంచీ ఉన్న ఏర్పాటు. అంటే పాతికేళ్లు కాసే చెట్టు, ఒక్కటే గేటు. మిర్చి రైతుకు కనీసం లారీ దారి మళ్లించే వీలుంది, ఇతనికి అదీ లేదు. వరంగల్, మహబూబాబాద్ రైతులు ఈ చెట్లు కాపుకు రాకముందే ఆ ఫ్యాక్టరీల్లో వాటా అడగాలి. ధర లెక్కగట్టే కమిటీలో కుర్చీ అడగాలి. చెట్లు కాశాక అడిగే బలం ఉండదు.

తిమ్మంపేట రైతులు అడగాల్సింది ఇంకా తక్కువ. వాన తగలని ఆరబెట్టే షెడ్డు, ముచ్చిక తీసే యంత్రం, పొడి కొట్టే గిర్నీ, అఫ్లాటాక్సిన్ పరీక్షించే చిన్న ప్రయోగశాల. పెద్ద కంపెనీల ప్రోత్సాహకానికి 2021లో కేంద్రం 10,900 కోట్లు కేటాయించిన దేశంలో ఇది పెద్ద కోరిక కాదు. ములుకనూరు వాళ్లు చేసి చూపించిన పని కనుక కొత్తగా కనిపెట్టాల్సిందీ లేదు. రంగు తీసే యూనిట్ తర్వాతి మెట్టు. దానికి దుగ్గొండి, నర్సంపేట రైతు కంపెనీలు కలిసి ఏనుమాముల పక్కన స్థలం అడిగితే, మార్కెట్ కమిటీ ఏటా రైతు సరుకు మీద వసూలు చేసే ఫీజులోంచే మొదటి ఇటుక పెట్టవచ్చు.